ఆడే చోటు బాగుంటే ఆట మీద మనసు నిలుస్తుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

షటిల్ కోర్టులు, జిమ్‌లు, వాకింగ్ ట్రాక్‌ల గురించి రాయడం మొదలుపెట్టినప్పటి నుంచి అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. వాటిలో ఎక్కువసార్లు వినిపించేది "మొదలుపెట్టాను, మానేశాను, నాకు పట్టుదల లేదేమో" అన్న మాట. ఎక్కడ ఆడుతున్నారని అడిగితే చాలాసార్లు అసలు కారణం అక్కడే బయటపడుతుంది. అందుకే జవాబులన్నీ ఒకచోట పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. షటిల్ గురించి కాస్త ఎక్కువగా ఉంటుంది. నాకు బాగా తెలిసిన ఆట అదే, అడిగేవాళ్లలో ఎక్కువమంది ఆడేదీ అదే.

## చేరకముందు

వ్యాయామం ఎక్కడ చేసినా వ్యాయామమే కదా, చోటుతో ఏం పని?

పట్టే చెమట ఎక్కడైనా ఒకటే. రేపు మళ్లీ వెళ్లాలనిపిస్తుందా లేదా అన్నది మాత్రం చోటును బట్టి మారుతుంది. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అది ఏళ్ల తరబడి సాగాల్సిన పని. డాక్టర్ భయపెట్టాడనో, ఇంట్లో పోరు పెడుతున్నారనో అన్నేళ్లు ఎవరూ వెళ్లలేరు. సరదా ఉంటేనే కాళ్లు అటు కదులుతాయి.

ఒక పనిని మనిషి ఇష్టంగా కొనసాగించాలంటే మూడు ఉండాలని మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎడ్వర్డ్ డెసి, రిచర్డ్ రయాన్ చెప్పారు: నా ఇష్టంతో చేస్తున్నానన్న భావన, ఇది నాకు వస్తోందన్న నమ్మకం, తోటివాళ్లతో కలిసి ఉన్నానన్న తృప్తి. చోటు బాగోకపోతే ముందుగా దెబ్బతినేది ఆ రెండోది. షటిల్ కాక్ సరిగా కనపడని వెలుతురులో ఆడే కొత్తవాడు లైట్లను తప్పుపట్టడు, తనకు ఆట రాదనుకుంటాడు. అలా అనుకున్నవాడు రెండో నెల ఫీజు కట్టడు.

ఎక్కువ డబ్బు తీసుకునే చోటే మంచి చోటా?

కానక్కర్లేదు. రిసెప్షన్‌లో ఏసీ, గోడకు పెద్ద టీవీ, కాఫీ మెషీన్... ఆడుతున్న గంటలో ఇవేవీ అక్కరకు రావు. నేల, వెలుతురు, గాలి, బాత్రూమ్. ఈ నాలుగూ బాగున్నాయంటే మిగతావి లేకపోయినా లోటు తెలియదు. మున్సిపల్ కాంప్లెక్స్‌లలో కొన్ని ఈ నాలుగింటిలోనూ ప్రైవేటు అకాడమీలకు తీసిపోవు. ధర చూసి అంచనా వేయకుండా వెళ్లి చూడండి.

పెద్ద పెద్ద ఆటగాళ్లు మామూలు చోట్ల నుంచే వచ్చారు. మనకెందుకండీ ఈ సోకులు?

పి.వి. సింధు తొలి పాఠాలు నేర్చుకున్నది సికింద్రాబాద్‌లోని రైల్వే సిగ్నల్ ఇంజినీరింగ్ సంస్థ కోర్టుల్లో. అది నిజమే. కానీ ఆమె ఆట పదునెక్కింది గచ్చిబౌలిలో. 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టోర్నీ గెలిచిన పుల్లెల గోపీచంద్ 2008లో అక్కడ అకాడమీ తెరిచారు. మంచి కోర్టులు, వ్యాయామశాల, కోచ్‌లు అన్నీ ఒకే ఆవరణలో ఉండాలన్నది దాని వెనుక ఉన్న ఆలోచన. 2012 లండన్ ఒలింపిక్స్‌లో సైనా కాంస్యం, 2016 రియో ఒలింపిక్స్‌లో సింధు రజతం ఆ తర్వాతివే.

ఇంకో సంగతి కూడా ఉంది. ఛాంపియన్ కావాలనుకునే పిల్లను కోచ్, పోటీలు, ర్యాంకు ముందుకు లాగుతాయి. ఆఫీసు నుంచి అలిసిపోయి ఇంటికొచ్చిన నలభై ఏళ్ల మనిషిని లాగేది నిన్న ఆడినప్పుడు బాగుందన్న జ్ఞాపకం ఒక్కటే. అందుకే మంచి చోటు వాళ్లకంటే మనకే ఎక్కువ అవసరమని నా అభిప్రాయం.

ఇంటి దగ్గర ఉన్న మామూలు కోర్టా, అరగంట దూరంలో ఉన్న మంచి కోర్టా?

రోజూ వెళ్లాలనుకుంటే దగ్గరిదే, దాని నేల ప్రమాదకరంగా లేనంతవరకు. సాయంత్రం ట్రాఫిక్‌లో అరగంట ప్రయాణం నలభై అయిదు నిమిషాలవుతుంది, నెల తిరక్కుండానే సాకులు మొదలవుతాయి. వారానికి రెండు రోజులు చాలనుకుంటే దూరమైనా మంచిదానికే వెళ్లండి. వారమంతా దానికోసం ఎదురుచూడటంలోనూ సంతోషం ఉంది.

చూసి రావడానికి ఏ టైమ్‌లో వెళ్లాలి?

మీరు రోజూ ఆడబోయే సమయానికే. మధ్యాహ్నం ఖాళీగా ఉన్న కోర్టు ఎవరికైనా నచ్చుతుంది. సాయంత్రం ఏడింటికి ఎంతమంది బెంచీల మీద కూర్చుని ఎదురుచూస్తున్నారో, బండి పెట్టుకోవడానికి చోటుందో లేదో అప్పుడే తెలుస్తుంది. మే నెలలో ఎలా ఉంటుందని అక్కడ ఆడేవాళ్లను అడగండి. యజమానిని అడిగితే అంతా బాగుందనే అంటాడు.

## షటిల్ కోర్టులో అడుగుపెట్టాక

నేల బాగుందో లేదో నాలాంటివాడికి ఎలా తెలుస్తుంది?

బూట్లు వేసుకుని మడమతో ఒకసారి గట్టిగా కొట్టండి. కింద చెక్క ఉంటే కాస్త బోలుగా శబ్దం వస్తుంది, పాదానికి కొంచెం మెత్తదనం తెలుస్తుంది. సిమెంటు మీద నేరుగా పలుచటి మ్యాట్ పరిచి ఉంటే దెబ్బ తిరిగి మోకాలికే వస్తుంది. షటిల్‌లో ముందుకు దూకడం, గాల్లోకి ఎగిరి దిగడం గంటలో లెక్కలేనన్నిసార్లు జరుగుతాయి. ఆ బరువును నేల కొంత మోయకపోతే మోకాలు, చీలమండ పూర్తిగా మోయాలి.

తర్వాత మ్యాట్ అతుకులు చూడండి. నెట్ దగ్గర షార్ట్ సర్వీస్ గీత పక్కన అతుకు లేచిన కోర్టులో ఆట చూస్తే విషయం అర్థమవుతుంది. డ్రాప్ (నెట్ దాటగానే మెల్లగా పడే దెబ్బ) పడిన ప్రతిసారీ ఆటగాడు ఆ అంచు ముందు అర క్షణం ఆగుతాడు. టేపు వేసి ఉంటుంది, టేపు అంచు నల్లగా మాసి చుట్టుకుపోయి ఉంటుంది. అందాల్సిన కాక్ చేతికి ఒక జానెడు ముందు పడిపోతుంది. పది రోజులకు ఆ ఆగడం అలవాటైపోతుంది, మంచి కోర్టుకు వెళ్లినా కాలు ముందుకు పడదు. భయంతో ఆడే ఆటలో సరదా మిగలదు.

లైట్లు చాలానే ఉన్నాయి, అయినా కాక్ కనపడట్లేదు. ఎందుకు?

ఎన్ని ఉన్నాయన్నదానికంటే ఎక్కడ ఉన్నాయన్నదే ముఖ్యం. స్మాష్ కొట్టడానికి తల పైకెత్తినప్పుడు లైటు నేరుగా కంట్లో పడకూడదు. అందుకే మంచి కోర్టుల్లో లైట్లు పక్క గీతల వెంబడి, రెండు కోర్టుల మధ్య ఖాళీ మీద వరసగా ఉంటాయి. కోర్టు నడినెత్తిన పెడితే ఎంత వెలుతురున్నా కాక్ అందులో కలిసిపోతుంది.

గోడలు కూడా చూడాలి. కాక్ తెల్లన, గోడకు తెలుపో లేత క్రీమ్ రంగో వేస్తే కంటికి ఏం దొరుకుతుంది? ముదురు ఆకుపచ్చ, ముదురు నీలం వేసేది అందుకే. రంగు మార్చడం పెద్ద ఖర్చు కాదు. వెనక గోడకు ముదురు రంగు గుడ్డ కట్టినా తేడా తెలుస్తుంది.

పైకప్పు ఎంత ఎత్తులో ఉండాలి?

పెద్ద అంతర్జాతీయ పోటీలకు 12 మీటర్లు అడుగుతారు. మనకు అంత అవసరం లేదు. ఒక చివర నుంచి ఎత్తుగా సర్వీస్ కొట్టి చూడండి, కాక్ ఇనుప దూలాలకు తగలకపోతే చాలు. తగిలిందంటే అక్కడ లాంగ్ సర్వీస్, లాబ్ (వెనక్కి ఎత్తుగా లేపే దెబ్బ) లేనట్టే. నేర్చుకునేవాళ్లకు ఊపిరి తీసుకునే సమయం ఇచ్చేది ఆ రెండే కాబట్టి వాళ్లు త్వరగా అలిసిపోతారు. వెనక గోడకు, కోర్టు గీతకు మధ్య కూడా కనీసం ఒకటిన్నర మీటరు ఉండాలి. లేకపోతే రాకెట్ గోడకు తగులుతుందని సగం చేతితోనే కొడతారు.

మాది రేకుల షెడ్డు. ఎండాకాలంలో ఉడికిపోతున్నాం. ఫ్యాన్లు వేస్తే కాక్ పక్కకు పోతోంది. ఏం చేయాలి?

తెలుగు ఊళ్లలో ఎక్కువమంది పడే బాధ ఇదే. కాక్ బరువు అయిదు గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది, ఏ చిన్న గాలికైనా దారి మారుతుంది. అందుకని ఆడేటప్పుడు ఫ్యాన్లు ఆపేస్తారు, మనుషులు ఉక్కపోతతో నీరుగారిపోతారు. వేడిలో చర్మాన్ని చల్లబరచడానికి గుండె అటువైపు కూడా రక్తం పంపాలి. దాంతో అదే ఆటకు గుండె ఎక్కువసార్లు కొట్టుకుంటుంది, ఆయాసం ముందే వస్తుంది. మీ ఓపిక తగ్గిందని అనుకోకండి, షెడ్డు వేడెక్కింది.

ఫ్యాన్ల కంటే ముందు పైకప్పు సంగతి చూడాలి. రేకు మీద తెల్లటి చల్లదనపు పెయింటు, రేకు కింద వేడిని ఆపే షీటు, పైన గాలికి తిరిగే టర్బో వెంటిలేటర్లు, గోడల పైభాగంలో వేడిగాలి పోవడానికి సందులు. కప్పులను చల్లగా ఉంచడానికి తెలంగాణ ప్రభుత్వం 2023లో ఏకంగా కూల్ రూఫ్ విధానమే తెచ్చింది. షెడ్ల యజమానులు అందరికంటే ముందు పట్టించుకోవాల్సిన విషయమిది. ఫ్యాన్లు కావాలంటే కోర్టు బయట, ఆగి కూర్చునే బెంచీల మీదకు తిప్పి పెట్టండి. ఆటకు ఆటకు మధ్య రెండు నిమిషాలు అక్కడ కూర్చుంటే ప్రాణం లేచొస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజాము స్లాట్‌కు మారిపోవడం ఇంకా మంచిది.

ఫెదర్ కాక్‌లు రెండు ఆటలకే చిరిగిపోతున్నాయి. కోర్టు తప్పా, కాక్ తప్పా?

రెండూ కావచ్చు. ఈకలు పొడిగాలిలో పెళుసెక్కుతాయి, అందుకే ఆడేముందు వాటికి కొంచెం ఆవిరి పట్టిస్తారు. డబ్బా మీద ఉండే వేగం నంబరు కూడా చూడండి. వేడి ప్రదేశాల్లో, ఎత్తైన ఊళ్లలో గాలి పలుచగా ఉండి కాక్ దూరం పోతుంది కాబట్టి 76 వంటి చిన్న నంబరు తీసుకోవాలి, చలి ప్రాంతాల్లో 78. ఇంకా కొత్తగా నేర్చుకుంటుంటే నైలాన్ కాక్‌తో ఆడటంలో తప్పేమీ లేదు. ప్రతి దెబ్బకూ డబ్బు పోతోందన్న దిగులు లేకుండా ఆడొచ్చు.

## మొదటి నెల

చేరి రెండు వారాలైంది, అప్పుడే విసుగొస్తోంది. బద్ధకమేనా?

వెంటనే మీ మీద వేసుకోకండి. ఒక వారం పాటు ఇంటికొచ్చాక ఒక్క మాట రాసుకోండి: ఈ రోజు ఏది చిరాకు పెట్టింది? "మోకాలు లాగింది", "అరగంట కూర్చున్నాను", "బాత్రూమ్ కంపు" అనే మాటలే మళ్లీ మళ్లీ వస్తుంటే చోటు మార్చండి. "ఎవరితోనూ మాట కలవలేదు" అని వస్తుంటే బృందం మార్చండి. ఏ చిరాకూ లేదు, ఆటే బోర్ కొడుతోంది అంటే ఆట మార్చండి, ఈతకో సైకిల్‌కో వెళ్లండి. వీటిలో దేన్నీ ఓటమి అనుకోనక్కర్లేదు.

గంటకు డబ్బు కడితే ఆడేది ఇరవై నిమిషాలే. ఇది మామూలేనా?

మామూలుగా జరుగుతుంది, అలా జరగకూడదు. ఒక కోర్టుకు ఆరుగురు సరిపోతారు, నలుగురు ఆడుతుంటే ఇద్దరు ఊపిరి తీసుకుంటారు. ఎనిమిది దాటితే ఒళ్లు చల్లబడేంతసేపు కూర్చోవాలి, చల్లబడ్డ ఒంటితో లేచి దూకితే కండరాలు పట్టేస్తాయి. 21 పాయింట్ల బదులు 15కే ముగించి గెలిచినవాళ్లు కూడా దిగిపోవాలని నియమం పెట్టుకుంటే అందరికీ ఆట దక్కుతుంది.

పాతవాళ్లు కొత్తవాళ్లను ఆడనివ్వట్లేదు. ఫ్లోర్, లైట్లు అన్నీ బాగున్నాయి కానీ వెళ్లబుద్ధి కావట్లేదు.

చోటు నాణ్యతలో మనుషులు కూడా భాగమే. బాగా నడిపే చోట్ల కొత్తవాళ్లకు విడిగా ఒక కోర్టో, వారంలో ఒక రోజో కేటాయిస్తారు. లేదా బలమైన ఆటగాడి పక్కన కొత్తవాడిని జతచేస్తారు. ఈ ఏర్పాటు కావాలని నిర్వాహకుడిని మొహమాటం లేకుండా అడగండి. మీలాంటివాళ్లు మరో ముగ్గురు కచ్చితంగా ఉంటారు, నలుగురూ కలిసి ఒక స్లాట్ తీసుకుంటే సమస్యే ఉండదు.

జిమ్‌లో అందరూ నన్నే చూస్తున్నట్టు ఉంటుంది. లావుగా ఉన్నవాళ్లకు జిమ్ పడదా?

పడుతుంది, ఆ జిమ్ అమరిక మీకు పడలేదు. తలుపు తీయగానే ట్రెడ్‌మిల్లులు, నాలుగు వైపులా అద్దాలు, వాటి ఎదురుగా బరువులెత్తే కుర్రాళ్లు ఉంటే ఎవరికైనా బెరుకే. ఒక మూల అద్దం లేని చోటు, తేలికపాటి డంబెల్స్, చాప ఉన్న జిమ్ వెతకండి. ఉదయం పది దాటాక రద్దీ తగ్గే జిమ్‌లు చాలా ఉంటాయి, వీలుంటే ఆ వేళకు వెళ్లండి. పాటల హోరు ఎక్కువైతే తగ్గించమని అడగడం మీ హక్కు.

## ఆడవాళ్లు, పెద్దవాళ్లు, పిల్లలు

నాకు ఆడాలనే ఉంది, కానీ అక్కడ ఆడవాళ్లెవరూ రారు. ఒక్కదాన్నే ఎలా వెళ్లను?

ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా బాధేస్తుంది, ఎందుకంటే అడిగేవాళ్లలో ఇష్టం లేనివాళ్లు ఒక్కరూ ఉండరు. 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అంచనా ప్రకారం మన దేశంలో చాలినంత కదలిక లేని ఆడవాళ్లు 57 శాతం, మగవాళ్లు 42 శాతం. ఇంటిపని, సమయం లేకపోవడం వంటి కారణాలు చాలా ఉన్నాయి. కానీ చోట్లు కట్టేవాళ్ల చేతిలో ఉన్న కారణాలూ ఉన్నాయి: లోపలి నుంచి గడియ పడే బాత్రూమ్, అందులో నీళ్లు, చెత్తబుట్ట, బట్టలు మార్చుకునే గది, పార్కింగ్ నుంచి గేటు దాకా లైటు, గుచ్చి గుచ్చి చూడని సిబ్బంది. వీటిలో ఒక్కటి లేకపోయినా సాయంత్రం ఏడు తర్వాత ఆడవాళ్లు కనిపించరు. అప్పుడు "ఆడవాళ్లకు ఆసక్తి లేదు" అని నిర్వాహకులు తేల్చేస్తారు.

చేరేముందు బాత్రూమ్ తలుపు తీసి చూడండి. ఆ చోటుకు మీరు రావాలని వాళ్లు నిజంగా కోరుకుంటున్నారో లేదో అక్కడే తెలిసిపోతుంది. ఒక్కరే ఉంటే మొదటి వారం స్నేహితురాలినో చెల్లినో తోడు తీసుకెళ్లండి. ఉదయం ఒక గంట ఆడవాళ్లకు ప్రత్యేక స్లాట్ ఇమ్మని నలుగురు కలిసి అడిగితే ఇచ్చే అవకాశం ఎక్కువ.

అమ్మానాన్నలు వాకింగ్ మానేశారు. పార్కులో టైల్స్ బాగానే వేశారు కదా?

టైల్స్ దగ్గరే చిక్కు ఉండొచ్చు. చెట్ల వేర్లకు పైకి లేచిన పేవర్ టైల్, వాన పడితే జారే నున్నటి రాయి. ఒక్కసారి తూలినా పెద్దవాళ్లకు ధైర్యం పోతుంది, పడిపోయే దాకా అక్కర్లేదు. వాళ్లు నడిచే దారిలో మీరూ ఒకరోజు వెళ్లి నేల చూడండి. గట్టి మట్టి దారి, దగ్గర దగ్గరగా బెంచీలు, నీడ, ఒక బాత్రూమ్ ఉన్న పార్కు వెతకండి. బెంచీ ఉందని తెలిస్తే కూర్చోకపోయినా ఇంకో రౌండు నడుస్తారు. హైదరాబాద్ కేబీఆర్ పార్కుకు అంతమంది అలవాటుపడటంలో చెట్ల నీడదే పెద్ద పాత్ర. విశాఖ ఆర్కే బీచ్ రోడ్డులో తెల్లవారి కొన్ని గంటలు వాహనాలు ఆపేస్తారు. హారన్ లేని ఆ సమయంలో నడిచినవాళ్లను అడగండి, ఎంత హాయిగా ఉంటుందో చెబుతారు.

పిల్లాడు సమ్మర్ క్యాంప్‌కు ఉత్సాహంగా వెళ్లాడు, పది రోజులకే వద్దంటున్నాడు. తిట్టాలా?

తిట్టకండి, ఒక గంట అక్కడ కూర్చుని చూడండి. ముప్పై మంది పిల్లలకు ఒక నెట్, ఒక కోచ్ ఉంటే మీవాడి వంతు ఎప్పుడొస్తుంది? ఎనిమిదేళ్ల పిల్లకు పెద్దవాళ్ల ఎత్తు బాస్కెట్‌బాల్ రింగ్ పెడితే ఒక్క బంతీ పడదు. నెట్ దించి, బంతి చిన్నది చేసి ఆడించే చోట పిల్లలు ఇంటికి రామంటారు.

వీల్‌చెయిర్‌లో ఉన్నవాళ్లు వెళ్లగలిగే చోట్లు ఎలా కనుక్కోవాలి?

"ర్యాంప్ ఉంది" అన్న మాటతో ఆగకండి. ర్యాంప్ ఫొటో, బాత్రూమ్ తలుపు ఫొటో పంపమనండి. నిటారు ర్యాంప్, వీల్‌చెయిర్ పట్టని తలుపు ఉంటే లోపల ఎంత మంచి కోర్టున్నా లాభం లేదు. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 క్రీడా సౌకర్యాలు అందరికీ అందుబాటులో ఉండాలంటోంది. ప్రభుత్వ స్టేడియం అయితే ఆ చట్టాన్ని పేర్కొంటూ రాతపూర్వకంగా అడగండి.

## షటిల్ కాకుండా

స్విమ్మింగ్ పూల్‌లో క్లోరిన్ వాసన గట్టిగా వస్తోంది. అంటే శుభ్రంగా ఉన్నట్టేగా?

చాలామంది అలాగే అనుకుంటారు, నిజం దాదాపు తలకిందులుగా ఉంది. చెమట, మూత్రంతో క్లోరిన్ కలిసినప్పుడు క్లోరమైన్లు పుడతాయి. ఆ ఘాటు, కళ్ల మంట వాటివల్లే. సరిగా చూసుకునే నీటికి వాసన తక్కువ. లోతు వైపు నిలబడి చూస్తే అడుగున జాలీ స్పష్టంగా కనిపించాలి. పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం చెప్పే కొలత) 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి, రోజూ కొలిచి రాసే పుస్తకం చూపించమనండి. ముందు స్నానం చేయకుండా ఎవరినీ దిగనివ్వని పూల్ అయితే కళ్లు మూసుకుని చేరొచ్చు. లైఫ్‌గార్డ్ లేకపోతే మాత్రం మిగతావన్నీ ఎంత బాగున్నా వెనక్కి వచ్చేయండి.

కబడ్డీకి మట్టే బాగుంటుంది కదా, మ్యాట్ ఎందుకు?

జల్లెడ పట్టి, నీళ్లు చల్లి, రాయి లేకుండా చేసిన మట్టి చాలా బాగుంటుంది. అలా రోజూ చూసుకునే చోట్లు తగ్గిపోయాయి. మ్యాట్ మీద మోచేతులు దోక్కుపోవు, అడుగు ఎక్కడ వేసినా ఒకేలా ఉంటుంది కాబట్టి ఆట వేగం పెరుగుతుంది. అయితే దానికి బూట్లు కావాలి, పైన నీడ ఉండాలి. ఎండలో పరిచిన మ్యాట్ మీద మధ్యాహ్నం ఎవరూ కాలు పెట్టలేరు. ఆ ఏర్పాట్లు లేకపోతే మంచి మట్టికే నా ఓటు.

బాక్స్ క్రికెట్ టర్ఫ్ పగలు ఎందుకంత కాలుతుంది?

ప్లాస్టిక్ గడ్డి, మధ్యలో నింపే నల్ల రబ్బరు గుళికలు ఎండను పీల్చుకుంటాయి. నిజమైన గడ్డిలో ఉండే తేమ వాటిలో లేదు. సాయంత్రం స్లాట్ తీసుకోండి.

సైకిల్ తొక్కాలని ఉంది, ఎండకు భయం.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో 23 కిలోమీటర్ల ట్రాక్ తెరిచారు, పైన సౌర ఫలకాలే కప్పు. నీడకు నీడ, కరెంటుకు కరెంటు. మన వాతావరణంలో నీడ ఎంత పెద్ద సౌకర్యమో అక్కడ తొక్కితే తెలుస్తుంది. ఆ దగ్గర్లో లేనివాళ్లు చెట్లున్న కాలువ గట్టో కాలేజీ ఆవరణో చూసుకోండి.

## చోటును బాగు చేసుకోవాలంటే

యజమానికి చెబితే "నచ్చకపోతే మానేయండి" అంటున్నాడు.

ఒక్కరు చెబితే ఫిర్యాదులా వినిపిస్తుంది. స్లాట్‌లో అందరూ కలిసి ఒకే ఒక్క పని అడగండి, ఫొటోతో, తేదీతో. "మూడో కోర్టు మ్యాట్ అతుకు ఈ నెలాఖరుకు మార్చండి" అంటే చేయడానికి ఒక పని ఉంటుంది. "మెయింటెనెన్స్ బాగోలేదు" అంటే తల ఊపి వెళ్లిపోతాడు.

మా ఊరి ఆటస్థలంలో ముళ్లచెట్లు మొలిచాయి. ఎవరిని అడగాలి?

తెలంగాణలో 2022 నుంచి ఊరూరా క్రీడా ప్రాంగణాలు ఏర్పాటు చేశారు. స్థలం గ్రామ పంచాయతీదో, స్కూలుదో ముందు కనుక్కోండి. పంచాయతీదైతే గ్రామసభలో తీర్మానం పెట్టించండి, పని కాకపోతే కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజావాణిలో అర్జీ ఇవ్వండి. నిర్వహణకు ఎంత కేటాయించారో సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. ఈలోగా ఊరి కుర్రాళ్లు ఒక ఆదివారం వాలీబాల్ కోర్టు మేరకైనా శుభ్రం చేసి రోజూ ఆడటం మొదలుపెడితే మంచిది. ఆడుతున్న స్థలంలో చెత్త పోయడానికి జనం వెనకాడతారు.

మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌కు కొంత డబ్బు మంజూరైంది. కొత్త ట్రెడ్‌మిల్ కొందామా?

ముందు ఇప్పుడున్నవాటిలో ఎన్ని పనిచేస్తున్నాయో చూడండి. "పనిచేయదు" అని కాగితం అంటించిన ఒక్క మెషీన్ చాలు, గదంతా పాడుబడినట్టు అనిపించడానికి. నేనైతే డబ్బును ఈ వరసలో ఖర్చు పెడతాను: మరమ్మతులు, కిటికీలు తెరుచుకునేలా చేయడం, లైట్లు, మంచినీళ్లు, బాత్రూమ్, ఆ తర్వాతే కొత్త సామాను. మొత్తంలో కొంత భాగం ఏటా నిర్వహణకు విడిగా ఉంచండి. ఖర్చు పెట్టే ముందు క్లబ్‌హౌస్‌కు రానివాళ్ల ఇళ్ల తలుపు తట్టి ఎందుకు రావట్లేదో అడగండి. వచ్చేవాళ్లు ట్రెడ్‌మిల్ కావాలంటారు, రానివాళ్లు గది వాసన గురించో, రాత్రి ఎనిమిదికే తాళం వేయడం గురించో చెబుతారు. తాళం వేళ మార్చడానికి రూపాయి కూడా ఖర్చు కాదు.